మత్తు ఇచ్చేముందు నోరు, మెడ ఎందుకు కొలుస్తారు? గొట్టం వేయడం కష్టమని ముందే తెలుస్తుందా?

ఉక్కునగరం
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, వచ్చే వారం లాప్రోస్కోపీ చేస్తామన్నారు. ఇవాళ మత్తు డాక్టర్ దగ్గరికి పంపారు. బీపీ, షుగర్, ఈసీజీ చూసి సంతకం పెట్టేస్తారనుకున్నాను. ఆవిడేమో నోరు బాగా తెరవమన్నారు, నాలుక బయటికి చాపమన్నారు, దవడ కింద వేళ్లు పెట్టి కొలిచారు, తల వెనక్కి వాల్చి పైకప్పు చూడమన్నారు, కింది పళ్లతో పై పెదవి కొరకమన్నారు, చివర్లో నమస్కారం పెట్టమన్నారు. నాన్నగారు నిజంగానే నమస్కారం పెట్టి "ఉంటానమ్మా" అని లేచి వెళ్లిపోబోతే మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది.

అంతా అయ్యాక ఫైలు మీద ఎర్ర పెన్నుతో 'డిఫికల్ట్ ఎయిర్‌వే?' అని, అంటే ఊపిరి దారిలో గొట్టం వేయడం కష్టమా అని రాశారు. "కొంచెం కష్టం కావచ్చు, మేం చూసుకుంటాం" అన్నారు గానీ ఇంటికొచ్చాక అమ్మకి టెన్షన్ మొదలైంది. ఆ ప్రశ్నార్థకం ఏమిటి? కష్టమో కాదో స్కాన్ తీస్తే తేలిపోదా? హైదరాబాద్ తీసుకెళ్లమంటున్నాడు మా బావ.

జగదాంబ_జంక్షన్
గాల్‌బ్లాడర్‌కి హైదరాబాద్ ఏంటి గురూ. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి జనం వైజాగ్ వస్తుంటే మనం రైలెక్కడమా. అన్నీ కొలిచి రాసినావిడ గురించి కాదు, నోరు కూడా తెరిపించకుండా 'ఫిట్' అని రాసేవాళ్ల గురించి భయపడండి.

మత్తు_మాస్టారు
ఉక్కునగరం గారూ, నేను ఈ పనిలోనే తల నెరిపించుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపికుంటే చదవండి.

జనరల్ అనస్థీషియా అంటే నిద్ర ఒక్కటే కాదు. కండరాలు వదులయ్యే మందు కూడా ఇస్తాం, దాంతో ఊపిరి ఆగుతుంది, అక్కణ్ణుంచి ఊపిరి బాధ్యత మాది. మొదట మాస్క్ పెట్టి బ్యాగ్ నొక్కుతూ ఆక్సిజన్ ఇస్తాం, తర్వాత లారింగోస్కోప్ బ్లేడుతో నాలుకను పక్కకి తోసి, స్వరతంతువులు కనబడగానే వాటి మధ్యలోంచి గొట్టం జారుస్తాం. చాలామందిలో అది చిటికెలో అయిపోతుంది. కొందరిలో ఎంత చూసినా తంతువులు కనబడవు. ఎంతమేరకు కనబడుతుందన్నదాన్ని 1984లో కోర్మాక్, లెహేన్ అనే ఇద్దరు నాలుగు గ్రేడులు చేశారు. మూడో గ్రేడులో ఎపిగ్లాటిస్ (నాలుక వెనక శ్వాసనాళానికి మూతలాంటిది) అంచు తప్ప ఏమీ కనబడదు, నాలుగులో అదీ కనబడదు. మా బాధంతా ఆ 3, 4 గ్రేడులు ఎవరిలో వస్తాయో మందు ఇవ్వకముందే పసిగట్టడం.

మీ నాన్నగారికి చేయించిన కసరత్తంతా అందుకే. నాలుక చాపమనడం మల్లంపాటి పరీక్ష. మల్లంపాటి శేషగిరిరావు గారు మనవాళ్లే, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి బోస్టన్ వెళ్లారు, 1985లో 210 మంది పేషెంట్లను చూసి ఆ పేపర్ రాశారు. నోట్లో జాగాకి నాలుక ఎంత పెద్దదో అది చెబుతుంది. ఆయన పెట్టింది మూడు తరగతులే, నాలుగోది 1987లో శాంసూన్, యంగ్ కలిపారు. ప్రపంచంలో ఏ మూల మత్తు డాక్టరైనా రోజూ ఆ ఇంటిపేరు రాయాల్సిందే, మనవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలీదు.

చుబుకం నుంచి కంఠమణి దాకా కొలిచేది, నాలుకను తోయడానికి ముందు వైపు చోటుందా అని. ఆరు, ఆరున్నర సెంటీమీటర్ల కంటే తక్కువైతే జాగ్రత్తపడతాం. పెదవి కొరకమనేది కింది దవడ ముందుకి వస్తుందా అని. తల వెనక్కి వాల్చమనేది మెడ కోసం. ఇక నమస్కారం: చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో కీళ్లు బిగుసుకుపోతాయి, అరచేతులు, వేళ్లు పూర్తిగా కలవవు. చేతుల్లో అలా ఉంటే మెడ కీళ్లలోనూ ఉండొచ్చని అనుమానం. మీ నాన్నగారికి షుగర్ ఎప్పట్నుంచి?

ఉక్కునగరం
పదిహేనేళ్లు పైనే సార్. వేళ్ల మధ్య సందు ఉంది, నేనూ చూశాను. వయసు వల్ల అనుకున్నాను.

రెండో_ఏడు_పీజీ
మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను, ఈ పరీక్షల మీద మనం పెట్టుకున్న నమ్మకం కాస్త ఎక్కువేమో. డెన్మార్క్‌లో 1,88,064 మంది రికార్డులు చూశారు, 2015లో వచ్చింది. 3,391 మందికి గొట్టం వేయడం కష్టమైతే అందులో 3,154 మందిని ముందుగా ఎవరూ ఊహించలేదు. అంటే 93 శాతం. కష్టమవుతుందని ముందే రాసింది 929 మందికి, నిజంగా కష్టమైంది 229 మందికే. ఊహించినవాళ్లలో నాలుగో వంతు! దీన్ని పరీక్ష అంటామా, తంతు అంటామా? మాకు వైవాలో మాత్రం పేర్లు, సెంటీమీటర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాలి.

జగదాంబ_జంక్షన్
ఓర్నాయనో, 93 శాతమా. ఇది చదివితే వాళ్లమ్మగారికి టెన్షన్ తగ్గుతుందా పెరుగుతుందా?

మత్తు_మాస్టారు
తమ్ముడూ, అంకెలు సరిగ్గానే చెప్పావు, చదివిన తీరులోనే ఒక మెలిక ఉంది. కష్టమైనవాళ్లు మొత్తం మీద ఎంతమంది? 1,88,064లో 3,391, నూటికి ఇద్దరు కూడా లేరు. అరుదైనదాన్ని వెతికే ఏ పరీక్ష అయినా ఇలాగే తడబడుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఉన్నవాటిలో పెదవి కొరికే పరీక్షే మెరుగని 2018లో కోక్రేన్ వాళ్లు (వైద్య అధ్యయనాలను కలిపి తూచి చూసే సంస్థ) 133 అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. కష్టమైనవాళ్లలో 67 శాతం మందిని పట్టుకుంటుంది, సులువైనవాళ్లలో 92 శాతం మందిని సులువనే చెబుతుంది. వెయ్యి మందిలో 60 మంది కష్టమైనవాళ్లనుకో, కాస్త ఎక్కువే అనుకుందాం. 40 మంది దొరుకుతారు, 20 మంది జారిపోతారు. మిగిలిన 940లో 8 శాతం, అంటే 75 మందికి ఊరికే ఎర్రగీత పడుతుంది. మొత్తం 115 ఎర్రగీతల్లో నిజమైనవి 40. ఉన్నవాటిలో మంచి పరీక్షకే ఇదీ గతి. మల్లంపాటి ఒక్కటే పట్టుకుని కూర్చుంటే ఇంకా తక్కువ.

అందుకే ఆ డాక్టరమ్మ ప్రశ్నార్థకం పెట్టారు. నాకైతే ఆ ప్రశ్నార్థకం చూస్తేనే ఆవిడ మీద గురి కుదిరింది.

రెండో_ఏడు_పీజీ
సరే, 75 మందికి ఊరికే గీత, 20 మంది జారిపోవడం. ఇంత తెలిసీ ఎందుకు చేస్తున్నాం అన్నదే నా ప్రశ్న. ఆ 20 మంది సంగతేంటి?

థియేటర్_నీలం
నేను డాక్టర్ని కాదు, ఓటీ టెక్నీషియన్ని. ఎర్రగీత ఉంటే మా వైపు ఏం మారుతుందో చెప్తా. ఆ కేసు లిస్టులో మొదటికి వస్తుంది, అంటే పొద్దున్న అందరూ ఫ్రెష్‌గా ఉన్నప్పుడు. సాయంత్రం ఆరింటికి సగం మంది ఇంటికెళ్లాక కాదు. ముందురోజే వీడియో లారింగోస్కోప్ (బ్లేడుకి కెమెరా ఉన్నది) చార్జింగ్ పెడతాం, బూజీ (గొట్టానికి దారి చూపే సన్నటి కడ్డీ) తీసి ట్రే మీద పెడతాం, ఎల్ఎంఏ (స్వరతంతువుల పైనే కూర్చుని ఊపిరి అందించే మాస్క్ గొట్టం) రెండు మూడు సైజులు, చిన్న సైజు గొట్టాలు, సక్షన్ రెండు. లావుగా ఉంటే భుజాల కింద దుప్పట్లు మడిచి చెవి తమ్మె, ఛాతీ ఎముక ఒకే ఎత్తుకి వచ్చేలా సర్దుతాం. రెండో మత్తు డాక్టర్ ఎక్కడున్నారో కనుక్కుని ఉంచుతాం. ట్రే చివర, ఏదీ కుదరకపోతే గొంతుకి రంధ్రం చేయడానికి, 10 నంబర్ బ్లేడు, 6 సైజు గొట్టం. అది వాడే రోజు రాకూడదని అందరం అనుకుంటాం, కానీ దాన్ని వెతుక్కోవాల్సిన రోజు అసలు రాకూడదు.

గీత లేకపోతే ఇవన్నీ బీరువాలో ఉంటాయి. బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడక్కండి.

జగదాంబ_జంక్షన్
అర్థమైంది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేసినట్టన్నమాట. తుఫాను తిరిగి ఒడిశా పోయినా పడవలు ఒడ్డుకి లాక్కోవడం దండగ అని జాలరిపేటలో ఎవడూ అనడు.

మత్తు_మాస్టారు
జారిపోయే 20 మంది గురించి తమ్ముడు అడిగినదానికి జవాబు: వాళ్లని పట్టుకోలేం. కాబట్టి ప్రతి పేషెంటూ ఆ 20లో ఒకరు కావచ్చనుకునే గదిలోకి అడుగుపెట్టాలి. మందు ఇవ్వకముందు మూడు నిమిషాలు గట్టిగా ఆక్సిజన్ పీల్పించడం అందరికీ అందుకే. మన దేశంలో ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంటుంది: ప్రయత్నం చేస్తున్నంతసేపూ ముక్కు ద్వారా నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ నడుస్తూ ఉండాలి, లారింగోస్కోపీ మూడుసార్లకి మించకూడదు, అదీ ఆక్సిజన్ 95 శాతం పైన ఉంటేనే మళ్లీ ప్రయత్నించాలి. కుదరకపోతే ఎల్ఎంఏ లాంటిది వేసి ఊపిరి అందించు, మనిషిని లేపెయ్, ఆపరేషన్ ఇంకోరోజు. గొట్టం పడనందుకు ఎవరూ చనిపోరు, ఆక్సిజన్ అందక చనిపోతారు.

రెండో_ఏడు_పీజీ
ఇది ఒప్పుకుంటాను. ఇంగ్లండ్‌లో 2005లో ఎలైన్ బ్రోమిలీ అనే 37 ఏళ్లావిడ సైనస్ ఆపరేషన్‌కి వెళ్లిన కేసు మాకు క్లాసులో చెప్పారు. అంత ఇబ్బంది వస్తుందని ముందు ఎవరూ అనుకోలేదు. ఎల్ఎంఏ కుదరలేదు, గొట్టం పడలేదు, అనుభవం ఉన్న డాక్టర్లే మళ్లీ మళ్లీ గొట్టం కోసమే ప్రయత్నిస్తూ ఉండిపోయారు, నర్సు గొంతుకి రంధ్రం చేసే సామాను తెచ్చి పెట్టినా చెయ్యి అటు వెళ్లలేదు. ఆవిడ స్పృహలోకి రాకుండానే 13 రోజులకి పోయారు. భర్త పైలట్, విమాన ప్రమాదాల మీద జరిగినట్టు దీని మీద విచారణ జరగాలని పట్టుబట్టాడు. అంచనా తప్పడం కంటే తప్పిందని ఒప్పుకోవడానికి పట్టిన టైమే అక్కడ ప్రాణం తీసింది అనిపిస్తుంది నాకు.

కానీ ఉక్కునగరం అన్నా, మీరు దీన్ని మీ అమ్మగారికి చదివి వినిపించకండి.

పూర్ణామార్కెట్_పద్మ
మా మేనత్త సంగతి చెప్పనా. భీమిలి దగ్గర పల్లె. అడ్డపొగ అలవాటు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం, మన వైపు ముసలమ్మల్లో ఇంకా ఉంది కదా. అంగిలి అంతా తెల్లగా మందంగా అయిపోయింది. ఏదో ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ చేయించాం. బయటికొచ్చాక చూస్తే ముందు పన్ను విరిగింది, గొంతు వాచి నాలుగు ముక్కలు మాట్లాడలేదు. "గొట్టం కొంచెం ఇబ్బంది పెట్టింది" అని నోటిమాటగా అన్నారంతే. డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు. తర్వాత ఇంకోచోట వేరే ఆపరేషన్‌కి వెళ్తే అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఇంతకుముందు మత్తిచ్చినప్పుడు ఏమైనా ఇబ్బందయిందా" అని. మేం చెప్పగలిగింది విరిగిన పన్ను చూపించడమే.

మత్తు_మాస్టారు
పద్మమ్మా, మల్లంపాటి, సెంటీమీటర్లు అన్నీ కలిపినా, పోయినసారి ఏమైందో రాసిన ఒక్క కాగితానికి సాటి రావు. పాతసారి కష్టమైందని రాసి ఉంటే ఈసారీ కష్టమనే మొదలుపెడతాం. ఆ కాగితం ఇవ్వకపోవడం మా వృత్తిలో ఉన్న చెడ్డ అలవాటు. రాస్తే మన చేతగానితనం అనుకుంటారేమోనని భయం. నా జూనియర్లతో ఈ ఒక్క విషయంలోనే నేను గొడవపడతాను.

పంటి_డాక్టరమ్మ
అడ్డపొగ మాట వచ్చింది కాబట్టి. మా ఓపీకి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చే పెద్దావిడల్లో అంగిలి మీద పుండు అంటే ముందు అడిగేది అదే. అంగిలి కేన్సర్‌కి రేడియేషన్ అయినవాళ్ల దవడ, మెడ చెక్కలా బిగుసుకుపోతాయి, వాళ్ల ముఖం మామూలుగానే కనబడుతుంది కాబట్టి పైపైన చూస్తే మోసపోతాం. ఇక కుర్రాళ్లలో గుట్కా, వక్కపొడి. 25 ఏళ్లకే నోట్లో రెండు వేళ్లు కూడా దూరవు. పంటి నొప్పి, చీము వల్ల నోరు తెరుచుకోకపోతే మత్తులో చాలావరకు తెరుచుకుంటుంది, గుట్కా నోరు అలా కాదు, లోపల చర్మమే తాడులా గట్టిపడుతుంది కాబట్టి ఏ మందిచ్చినా ఒక్క మిల్లీమీటరు పెరగదు. మాస్టారూ, ఇలాంటివాళ్లకి వీడియో స్కోపు ఉంటే సరిపోతుందా?

జగదాంబ_జంక్షన్
అదే నేనూ అడుగుదామనుకున్నా. అందరికీ కెమెరా ఉన్నదే వాడేస్తే ఈ కొలతల గొడవే ఉండదు కదా.

మత్తు_మాస్టారు
వీడియో వచ్చాక గొట్టం విఫలమవడం తగ్గింది, అందులో అనుమానం లేదు, స్థోమత ఉన్నచోట అందరికీ దాన్నే వాడాలని నేనూ అంటాను. అయితే బ్లేడు నోట్లోకి వెళ్తేనే కెమెరా. డాక్టరమ్మ చెప్పిన గుట్కా నోటికి అది పనికిరాదు. రక్తం, కఫం ఉంటే అద్దం మసకబారుతుంది. ఇంకోటి, తెర మీద తంతువులు చక్కగా కనబడుతూనే ఉంటాయి, గొట్టం మాత్రం ఆ మలుపు తిరగదు.

అలాంటివాళ్లకి మెలకువగా ఉండగానే ముక్కులోంచి సన్నటి ఫైబర్ స్కోపు పంపి దాని మీదుగా గొట్టం వేస్తాం. వినడానికి భయంగా ఉంటుంది. ముక్కు, గొంతు లిగ్నోకెయిన్‌తో మొద్దుబారుస్తాం, కొద్దిగా మందు ఇచ్చి స్థిమితపరుస్తాం, మనిషి తన ఊపిరి తను తీసుకుంటూనే ఉంటాడు. అందుకే అది అన్నిటికంటే భద్రం. నోరు మూడు వేళ్లు తెరుచుకుంటే మీ నాన్నగారికి దాని అవసరం రాకపోవచ్చు.

పాడేరు_కాఫీ
మాస్టారూ, మా ఏజెన్సీలో గొంతు ముందు థైరాయిడ్ గడ్డ పెద్దగా ఉన్నవాళ్లు ఎక్కువ. మా అక్కకి నిమ్మకాయంత ఉంది. ఇక్కడ కొలతల్లో దాని మాటే రాలేదే?

మత్తు_మాస్టారు
మంచి ప్రశ్న. గడ్డ సైజు కంటే అది శ్వాసనాళాన్ని పక్కకి తోసిందా, నొక్కిందా, ఛాతీలోకి దిగిందా అన్నదే ముఖ్యం. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందా, గొంతు మారిందా, ఊపిరిలో గురగుర ఉందా, ఇవి అడగండి. ఇక్కడే స్కాన్ పనికొస్తుంది, ఎక్స్‌రే, సీటీ రెండూ. ఉక్కునగరం గారి స్కాన్ ప్రశ్నకీ ఇదే జవాబు: గడ్డలు, కేన్సర్, పాత రేడియేషన్ ఉన్నచోట స్కాన్ చాలా చెబుతుంది, మామూలు మెడకి సీటీ తీసినా పెద్దగా కొత్త సంగతి తెలీదు. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌తో చర్మం నుంచి ఎపిగ్లాటిస్ ఎంత లోతో కొలుస్తున్నారు, ఆశ ఉంది.

ఉక్కునగరం గారూ, ఇంకో రెండు ప్రశ్నలు. నాన్నగారు గురక పెడతారా? గడ్డం పెంచారా?

ఉక్కునగరం
గురక అంటే పక్కింటివాళ్లకి వినబడుతుంది సార్. గడ్డం ఉంది, గుబురుగా. సింహాద్రి అప్పన్నకి మొక్కు, చందనోత్సవం నాడు తీయిస్తానని పెంచుతున్నారు. దానికీ దీనికీ ఏంటి?

మత్తు_మాస్టారు
మాస్క్ ముఖానికి అతుక్కోవాలి, గడ్డం ఉంటే గాలి పక్కలనుంచి పోతుంది. 2000లో ఫ్రాన్స్‌లో లాంజెరాన్ బృందం చూసింది ఇదే. మాస్క్‌తో ఊపిరి ఇవ్వడం కష్టమయ్యేవాళ్లలో కనబడినవి అయిదు: 55 దాటిన వయసు, బరువు, గడ్డం, పళ్లు లేకపోవడం, గురక. మీ నాన్నగారికి మూడున్నాయి. గొట్టం కష్టమైనా మాస్క్ సులువైతే మాకు టైము ఉంటుంది. రెండూ కష్టమైతే ఉండదు. ఈ అయిదింటిలో వారంలో మార్చగలిగింది గడ్డం ఒక్కటే.

ఉక్కునగరం
ఆయన ఒప్పుకోరు సార్. ఆపరేషన్ అయినా మానేస్తారు గానీ మొక్కు తప్పరు.

పూర్ణామార్కెట్_పద్మ
మొక్కు తప్పమని ఎవరన్నారండీ. ఆపరేషన్‌కి ముందే కొండెక్కించి తలనీలాలు, గడ్డం రెండూ ఇప్పించేయండి. చందనోత్సవానికి మళ్లీ వెళ్లి నిజరూప దర్శనం చేసుకోవచ్చు. అప్పన్న స్వామి తేదీల కోసం పట్టుబట్టేవాడు కాదు.

థియేటర్_నీలం
అక్క చెప్పింది చేయండి. గడ్డం మీద జెల్లు రాసి ప్లాస్టిక్ అంటించే తిప్పలు మాకు తప్పుతాయి.

ఉక్కునగరం
అప్‌డేట్. గడ్డం శనివారం కొండ మీద ఇచ్చేశారు, పద్మక్కకి మా అమ్మ థ్యాంక్స్ చెప్పమంది. ఆపరేషన్ అయింది, మొదటి కేసుగానే తీసుకున్నారు. వీడియోతో ఒకేసారికి గొట్టం పడిందట, డాక్టరమ్మ నవ్వుతూ "ఇంత భయపెట్టి చివరికి సులువుగానే ఉన్నారు మీ నాన్నగారు" అన్నారు.

రెండో_ఏడు_పీజీ
ఆ 75 మందిలో ఒకరన్నమాట 🙂 సంతోషం అన్నా.

మత్తు_మాస్టారు
వీడియోలో సులువైందంటే మామూలు బ్లేడుతో కూడా సులువయ్యేదని కాదు తమ్ముడూ, 75లో వేసేయకు అప్పుడే. ఉక్కునగరం గారూ, కాగితం ఇచ్చారా?

ఉక్కునగరం
అడిగి రాయించుకున్నాను సార్. 'మల్లంపాటి 3, మెడ కదలిక తక్కువ, వీడియో లారింగోస్కోప్, గ్రేడ్ 2, బూజీ మీద 7.5 గొట్టం, మొదటి ప్రయత్నం' అని ఉంది.

రెండో_ఏడు_పీజీ
మాస్క్‌తో ఊపిరి ఇవ్వడం ఎలా ఉందో రాయలేదే?

ఉక్కునగరం
లేదు. గురువారం కుట్లు చూపించడానికి వెళ్తున్నాం, అప్పుడు ఆ లైను కూడా వేయించుకుంటాను.

పూర్ణామార్కెట్_పద్మ
ఫోన్లో ఫొటో తీసి అన్నదమ్ములందరికీ పంపి ఉంచండి. కాగితం బీరువాలో పెడితే రాత్రి రెండింటికి ఎమర్జెన్సీలో ఎవరికీ దొరకదు.